వంటవాణ్ణి ఎవరు తోశారు?

తుపానులో చిక్కిన పడవా, అందులో ఒకరినొకరు అనుమానించుకునే నలుగురు మనుషులూ ఉంటే చాలు, అక్క అన్నం మాట మరిచిపోయి చదివేది. ఆ పిచ్చే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఒక ప్రచురణ సంస్థలో సముద్రపు సస్పెన్స్ నవలలు దిద్దేది ఆమే. “ఒడ్డు మీదైతే పారిపోవచ్చు. నడిసముద్రంలో హంతకుడి పక్కనే పడుకోవాలి. అదీ మజా!” అనేది.

ఆమె తమ్ముడు సరుకు ఓడలో ఇంజను పని చేసేవాడు. ఓడ మునిగిపోయింది. రబ్బరు పడవలో కొట్టుకుపోయిన నలుగురిలో వంటవాడు తప్ప మిగతా ముగ్గురూ బతికారు.

తమ్ముడు కోలుకున్నాక అక్క అతన్ని తన ఆఫీసుకు తీసుకెళ్ళింది. యజమాని కాఫీ తెప్పించి, “చెప్పు బాబూ, ఏదీ దాచకు” అన్నాడు.

తమ్ముడు చెప్పాడు. పడవ అడుగున వాంతి కలిసిన నీళ్ళు. ఉప్పుకు తొడలు ఒరుసుకుపోయి, పుళ్ళలోని చీము బట్టకు అంటుకుపోయేది. వంటవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. అన్నీ కూర్చున్నచోటే. కంపు భరించలేక ముగ్గురూ అతన్ని తిట్టారు. ఇంట్లో కుళాయి కారుతోందని, బాగుచెయ్యకుండా వచ్చేశానని గొణుగుతూనే అతను పోయాడు.

“ఎవరైనా తోసేశారా?” యజమాని ముందుకు వంగాడు.

“లేదండీ. చచ్చిపోయాడు, అంతే.”

“అంతే అంటే ఎవడు కొంటాడయ్యా! మంచినీళ్ళ కోసం గొడవ, చీకట్లో ఒక చెయ్యి... ఏమంటావమ్మా?”

తమ్ముడు అక్క ముఖంలోకే చూస్తున్నాడు.

“ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట. ఆయన సంగతి సరే, నీ కళ్ళెందుకక్కా అలా మెరుస్తున్నాయి?”

“లేదురా...”

“ఆ పడవలో కూడా నాకింత రోత పుట్టలేదు.” కాఫీ ముట్టకుండా లేచిపోయాడు.

ఆ పడవ కథతో వేయబోయే పుస్తకం తాను ముట్టనని అక్క తెగేసి చెప్పింది. యజమాని వేరొకరి చేత రాయించాడు. అచ్చయిన కాపీలన్నీ చూస్తూండగానే అయిపోయాయి.

ఆమె బల్ల మీదా ఒకటి పెట్టారు. అట్ట మీద నెత్తురోడే చెయ్యి. చించి పారేద్దామనే తెరిచింది. వంటవాణ్ణి నీళ్ళ దొంగను చేశారు. ఇంజను పనివాడి నవ్వులో విషం పెట్టారు. అయినా పేజీ తిప్పింది. ఎవరూ తోయలేదని తెలిసి కూడా, ఎవరు తోశారో తేలేదాకా కింద పెట్టలేకపోయింది. ముగించి, పంపు కింద చేతులు రుద్దిరుద్ది కడుక్కుంది. తన చేతులంటేనే తనకు అసహ్యమేసింది.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళింది. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“చదివావా?”

“ఊఁ.”

“మొత్తం?”

ఆమె తల దించుకుంది. అతను లోపలికి రమ్మనలేదు. తలుపూ వెయ్యలేదు.