నూట పదిహేడో లైను

మా నాన్న సాల్మన్ మాస్టారికి అరవై ఎనిమిదో ఏట కంప్యూటర్ నేర్పింది నేనే. నేర్పుతూ ఎన్నిసార్లు విసుక్కున్నానో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. తణుకులో కాలేజీ పిల్లలకి రోజంతా అదే పాఠం చెప్పి ఇంటికొస్తే, వరండాలో ఆయన ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కనిపించేవారు.

ఆయన ఎక్కిస్తున్నది మా ఊరి సమాధుల తోట రిజిస్టరు. బడిలో తెలుగు చెప్పినన్నాళ్లూ, ఆ తర్వాతా చర్చి రాతకోతలన్నీ ఆయనవే. పుస్తకానికి చెద పట్టడంతో నోట్‌ప్యాడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. పద్ధతి నేను చెప్పాను. మనిషికి ఒక లైను. పేరు, కామా, తండ్రి పేరో భర్త పేరో, కామా, తేదీ. కామా పక్కన చోటు వదలొద్దంటే, "ఊపిరి కూడా తీసుకోనివ్వవేంట్రా" అని నవ్వారు. నంబరు మాత్రం వేయనన్నారు. తోటలో ప్రతి చోటుకీ నంబరు రాయి పాతి ఉంది. రిజిస్టరులో ఎన్నో లైనైతే తోటలో అన్నో రాయి, మళ్లీ రాయడం దండగ అనేది ఆయన వాదన.

ఒకరోజు ఫైలు తెరిచి చూస్తే మధ్యమధ్యలో ఖాళీ లైన్లున్నాయి. తెలియక ఎంటర్ నొక్కేస్తున్నారనుకుని, ఆయన చర్చికి వెళ్లినప్పుడు అన్నీ తీసేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆయన వచ్చి చూసుకున్నారు. రెండు రోజులు చెదపట్టిన పుస్తకం పక్కన పెట్టుకుని, లెక్కపెట్టుకుంటూ, ఎక్కడి ఖాళీ అక్కడ మళ్లీ పెట్టారు. నేను గొణిగితే, "ఉండనీరా, వాటి జోలికెళ్లకు" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. అడిగుంటే చెప్పేవారు.

నిరుడు అమ్మ పోయింది. ఆమె పేరు ఆ ఫైల్లో రెండు వందల నలభై తొమ్మిదో లైను. ఆరు నెలలు తిరక్కుండా క్రిస్మస్ ముందు నాన్న కూడా వెళ్లిపోయారు. ఆమె పక్కనే, తోటలో మిగిలిన ఆఖరి చోట, రెండు వందల యాభైలో పెట్టాం. ఆయన పేరు ఫైల్లో ఎక్కించడానికి మాత్రం నాకు చెయ్యి ఆడలేదు. తర్వాత చూద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను.

ఈ జూలైలో పాస్టరు గారు పిలిచారు. తోట పటమంతా ఫోన్‌లో కనిపించే ప్రోగ్రామ్ ఒకటి వచ్చిందనీ, నాన్న ఫైలు అందులో ఎక్కించమనీ అడిగారు. ముందు ఫైలు అడుగున, అమ్మ పేరు కింద ఉన్న ఖాళీ లైను తీసేశాను. చివర్న అలాంటిది మిగలడం మామూలే. ఫైలు ఇవ్వగానే ప్రోగ్రామ్ ఒకే ప్రశ్న వేసింది: ఖాళీ లైన్లు వదిలేయాలా, ఉంచాలా? వదిలేయమన్నాను. పటంలో అమ్మ రెండు వందల ముప్పైలోకి జరిగిపోయింది. ఖాళీలు పోయేసరికి కింద పేర్లన్నీ పైకి ఎగబాకాయన్నమాట. ఈసారి ఉంచమన్నాను. అందరూ ఎవరి చోట్లో వాళ్లు సర్దుకున్నారు. ఖాళీ లైన్లున్న పంతొమ్మిది చోట్లూ పచ్చగా వెలిగి, ఒక్కోదాని మీదా 'ఖాళీ' అని పడింది.

పాస్టరు గారి సంతోషం చూడాలి. చుట్టూ వరి చేలు, సమాధుల తోటని పెద్దది చేయడానికి గజం నేల కూడా దొరకదు. అలాంటిది పంతొమ్మిది చోట్లు తేలాయి. ఆదివారం ప్రార్థనలో నా పేరు కూడా చెప్పారు. నేను కాస్త ఉబ్బిపోయిన మాట నిజం.

ఆ గురువారం తెల్లారుజామున మరిడమ్మ గారని ఒక పెద్దావిడ పోయారు. సాయంత్రం నాలుగింటికి పెట్టాలి. పాస్టరు గారు పటం చూసి నూట పదిహేడు ఖాయం చేశారు. పది గంటలకి బేబి పిన్ని మా వాకిట్లో నిలబడింది. మా సంఘంలో మనిషే, చేలల్లో నాట్లు వేస్తుంది, అరవై దాటింది. ఊడ్పు చేలోంచి తిన్నగా వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా బురద.

"నూట పదిహేడులో ఎవరూ లేరని చెప్పావంట కదా బాబూ" అంది.

"నేను కాదు పిన్నీ, నాన్న ఫైల్లో ఖాళీగా ఉంది."

"మా పాప ఉంది బాబూ అందులో."

కూర్చోమన్నా కూర్చోలేదు. పుట్టిన ఐదో రోజుకి పోయిందట పాప, నేను పలక పట్టుకున్న రోజుల్లో. బాప్తిస్మం కాకుండా పోయిన బిడ్డల్ని రిజిస్టరులో రాయకూడదని అప్పటి సంఘ పెద్దలు కట్టడి చేశారు. "రాయొద్దన్నారు గానీ వదలొద్దనలేదు కదమ్మా అన్నారు మాస్టారు. నా ముందే ఒక లైను వదిలిపెట్టి, దాని కింద నుంచి తర్వాత వాళ్లని రాశారు. నాకొక్కదానికే కాదు, అలా పోయిన ప్రతి బిడ్డకీ వదిలారు. ఇప్పుడు అక్కడ తవ్వుతారంట."

ఆ పంతొమ్మిది మందినీ ఒకసారి నా చేత్తో చెరిపేశాను, ఇంకోసారి లేరని ఊరంతా చాటించాను. తోట తవ్వే గంగరాజుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పిన్నిని బండెక్కించుకుని కాలవ గట్టు మీదుగా వెళ్లాను. మేం చేరేసరికి గంగరాజు గడ్డి చెక్కేసి, గడ్డపార చేతిలోకి తీసుకున్నాడు. పాస్టరు గారు పక్కనే ఉన్నారు.

"ఆపు గంగరాజూ" అన్నాను.

"పటంలో ఖాళీయేనన్నారు కదండీ" అన్నాడు గంగరాజు. అతను ఈ పనిలోకి వచ్చి ఎనిమిదేళ్లే, అతనికేం తెలుసు. పిన్ని ఆ చెక్కిన మట్టి మీద చతికిలబడింది. సంగతి చెప్పాను. పాస్టరు గారు మంచివారే, కానీ సాయంత్రం పని కళ్ల ముందుంది.

"పేరైనా లేని చోటుని ఎవరిదని చెప్పమంటారమ్మా?" అన్నారు.

"పేరుందండి" అంది పిన్ని. "ఎవరూ అడగలేదంతే."

పాస్టరు గారు తల దించుకున్నారు. ఆమె ఎదురుగా మట్టిలోనే కూర్చుని, ఏం పేరమ్మా అని అడిగారు. క్రిస్టినా, అని చెప్పింది. నలభై ఏళ్లుగా ఎవరి ముందూ అనని పేరు కాబోలు, రెండోసారి తనలో తాను అనుకుంది. మరిడమ్మ గారిని ఆమె భర్త సమాధిలోనే పెట్టడానికి వాళ్ల పిల్లలు ఒప్పుకున్నారు. గంగరాజు చెక్కిన గడ్డిని తిరిగి పరిచి, కాలవ నీళ్లు చల్లాడు.

మధ్యాహ్నం వరండాలో, నాన్న కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాను. పిన్ని పక్కనే నిలబడి చూస్తోంది. నూట పదిహేడో లైనులోకి వెళ్లి క్రిస్టినా అని కొట్టి, కామా పెట్టి, వాళ్లాయన చిట్టియ్య పేరు రాశాను. తేదీ పిన్ని చెప్పింది, తడుముకోకుండా. రాసిన సిరా ఆరిందో లేదోనన్నట్టు తెర మీద వేలితో ముట్టుకుని చూసింది. మిగతా పద్దెనిమిది మంది అమ్మలూ ఎవరో తనకి తెలుసనీ, బతికున్నవాళ్లని ఆదివారం తీసుకొస్తాననీ చెప్పి నాట్లకి వెళ్లిపోయింది.

ఫైలు అడుక్కి వచ్చాను. అమ్మ లైను, రెండు వందల నలభై తొమ్మిది. దాని కింద ఏమీ లేదు. అక్కడుండిన ఖాళీ లైనుని మొన్న నేనే తీసేశానని అప్పుడు గుర్తొచ్చింది. నాన్న ఊరికే ఏ లైనూ వదల్లేదు. అమ్మని రాసిన రోజున, ఆమె పక్కన మిగిలింది ఒక్క చోటేనని ఆయనకి తెలుసు.

ఏడుపు ఆగలేదు. ఆగాక ఎంటర్ నొక్కి, ఆ లైను మళ్లీ తెరిచి, ఒంటి వేలితో కొట్టాను. సాల్మన్, కామా.