చేతులు చూపించండి

మా ఆసుపత్రి ఆక్సిజన్ గదికి రెండు తాళాలు ఉన్నాయి. అసలు తాళం మాత్రం నా ముక్కేనని అందరూ నవ్వుతారు. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ గడప దగ్గర ఆపి, అరచేతులు చూసి, వాసన కూడా చూస్తాను. నూనె, గ్రీజు, మొహానికి రాసుకునే క్రీము, ఏది తగిలినా కుళాయి దగ్గరికి పంపేస్తాను. ఇంజినీరు గారైనా అంతే. "బాబాయ్ పెళ్లిచూపుల్లో కూడా పిల్ల చేతులే వాసన చూసుంటాడు" అని నర్సమ్మలు ఏడిపిస్తుంటారు.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన కుడిచేతికి మూడు వేళ్లే ఉండేవి. మొదటిరోజే ఆ చెయ్యి నా మొహం ముందు పెట్టి, "నట్టు బిగుసుకుందని ఒక్క చుక్క నూనె వేశాను. వాల్వు తిప్పగానే భగ్గుమంది. అగ్గిపుల్ల గీసినవాడు ఎవడూ లేడు" అన్నాడు. సిలిండరులో కుక్కి పెట్టిన ఆక్సిజన్‌కి నూనె తగిలితే చాలు, నిప్పు దానంతటదే పుడుతుంది. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, ఆ చేతులు కూడా సబ్బుతో కడుక్కుని బయలుదేరుతున్నాను. దీపం నూనెకి కూడా మా గదిలో మినహాయింపు లేదు.

ఇన్నేళ్లలో ఒక్క మనిషి చేతులే చూడలేదు. అతను మా అల్లుడు.

నెల కిందట నాకు తోడుగా పనిలో చేరాడు. అంతకుముందు లారీల షెడ్డులో మెకానిక్కు. ఒళ్లు వంచి పనిచేసే మనిషి, మాట తక్కువ. పిల్లనిచ్చిన మామనై ఉండి, గడప దగ్గర నిలబెట్టి అతని చేతులు పట్టుకుని వాసన ఎలా చూడను? నలుగురిలో చిన్నబుచ్చినట్టు ఉంటుందని ఊరుకున్నాను. మూడు వేళ్ల కథ కూడా చెప్పలేదు. "చేతులు శుభ్రంగా ఉంచుకోండి అల్లుడుగారూ" అన్నాను, అంతే. అతను "అలాగే మామయ్య గారూ" అన్నాడు. ఆ రెండు మాటలతో పాఠం అయిపోయింది.

ఆ రోజు పొద్దున పది గంటలకి, పెరట్లో ఉన్న పెద్ద ఆక్సిజన్ ట్యాంకుని మరమ్మతు కోసం ఆపారు. మళ్లీ పన్నెండింటి దాకా వార్డులకి ప్రాణవాయువు మా గది నుంచే వెళ్లాలి. గదిలో ఎడమవైపు గోడకి ఎనిమిది సిలిండర్లు, కుడివైపు గోడకి ఎనిమిది. ఒక్కోదానికీ ఒక రాగి గొట్టం. ఎడమ వరస వాడుతున్నంతసేపూ కుడి వరస నిండుగా కాచుకుని ఉంటుంది. ఊపిరితిత్తుల వార్డులో ఆరుగురు ఉన్నారని ముందురోజు కాగితం పంపారు. ఆరుగురికి ఎడమ వరస ఒక్కటే గంటన్నర వస్తుందని లెక్క వేసుకున్నాను.

పదిన్నర కాకముందే మీటరు ముల్లు సగానికి పడిపోయింది. వార్డుకి ఫోను చేశాను.

"ఆరుగురా? తెల్లారి ఇంకో అయిదుగుర్ని తెచ్చారు బాబాయ్!" అంది అక్కడి హెడ్ సిస్టర్. "పదకొండు మంది. నీకు ఎవరూ చెప్పలేదా?"

"ఇప్పుడు నువ్వు చెప్పావుగా తల్లీ. పరవాలేదు, కుడి వరస ఉంది."

ఫోను పెట్టేసి కుడి వరస దగ్గరికి వెళ్లాను. తెరిచే ముందు, సిలిండరుకి గొట్టాన్ని బిగించే ప్రతి నట్టునీ ఒకసారి చూసుకోవడం నాకు అలవాటు. మొదటి నట్టు కిటికీ వెలుతురులో మెరిసింది. ఇత్తడి మెరుపు కాదది. వేలితో ముట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మిషను నూనె.

రెండోది చూశాను, మూడోది చూశాను. ఎనిమిదింటికీ ఉంది. సన్నగా, శ్రద్ధగా, ఎక్కడా కారకుండా.

"అల్లుడుగారూ, ఇది..."

అతని మొహం వెలిగింది. "నిన్న సాయంత్రం పెట్టాను మామయ్య గారూ. మరలన్నీ ఎండిపోయి ఉన్నాయి. మీకు మణికట్టు నొప్పి కదా, స్పానరు తిప్పలేకపోతున్నారని... ఇప్పుడు వేలితో తిప్పినా తిరుగుతుంది, చూడండి!" అంటూ వాల్వు మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోకు!"

అంత గట్టిగా నేను మా పిల్లల మీద కూడా ఎప్పుడూ అరవలేదు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని నాకు తర్వాత గాని తెలియలేదు. అతను చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు చెప్పాను మూడు వేళ్ల కథ, నాలుగు ముక్కల్లో. వింటుంటే అతని పెదవులు తెల్లబడ్డాయి.

ఎడమ వరస ముల్లు దిగుతూనే ఉంది.

ఇంజినీరు గారు పరుగున వచ్చారు. "ఏంటి బాబాయ్, వార్డులో గాలి తగ్గుతోందంటున్నారు. కుడి వరస తెరవలేదా?"

"తెరవను సార్. నూనె తగిలింది."

ఆయన నట్టు చూసి నుదురు కొట్టుకున్నారు. "తుడిచెయ్. తుడిచి మెల్లగా తెరువు."

"మరల సందుల్లోకి దిగింది తుడిస్తే రాదు సార్. ట్యాంకు?"

"వాల్వు విప్పి బల్ల మీద పెట్టారు. ఎంత లేదన్నా ఇంకో అరగంట. పైన పదకొండు మంది ఉన్నారయ్యా! ఏదో ఒకటి చెయ్యాలిగా!"

"ఈ గోడ అవతల పిల్లల వార్డు ఉంది సార్."

ఆయన గోడ వైపు చూశారు. అవతల ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. ఇంక ఆ మాట ఎత్తలేదు. నేనూ కుడి వరసకి అడ్డం నిలబడ్డవాణ్ని పక్కకి జరిగాను.

ఉన్నది ఒకటే దారి. ఎడమ వరస గొట్టాలకి నూనె తగల్లేదు. దాంట్లో ఒక్కో ఖాళీ సిలిండరునీ విప్పి, పక్క సామాను గదిలో మూతలు బిగించి ఉన్న నిండు సిలిండరు ఎక్కించాలి. వాటిని ముట్టుకున్నావా అని అల్లుణ్ని అడిగాను.

"లేదు మామయ్య గారూ. మూత ఉన్నవాటి జోలికి పోలేదు. ఒట్టు."

"ఒట్టు కాదు, దూది తీసుకురా. కాదు, ఆగు. ముందు చేతులు."

నా మణికట్టుతో ఆ పెద్ద నట్టు బిగించడం నావల్ల కాదు. ఇంజినీరు గారు చేసే పనీ కాదది. అల్లుడే కావాలి. కానీ అతని చేతుల్లో, చొక్కాలో, జేబులోని గుడ్డలో అంతా నూనే. చొక్కా విప్పి బయట పడేయమన్నాను. మోచేతుల దాకా సబ్బు పెట్టి రెండుసార్లు కడగమన్నాను. కుళాయి నీళ్లు సన్నగా వస్తున్నాయి. అటు చూస్తే ముల్లు, ఇటు చూస్తే ఆ ధార. స్వామీ, ఈ పదకొండు మంది ఊపిరికీ ఈ సబ్బుబిళ్లకీ ముడి ఎందుకు పెట్టావు అని లోపల అడిగాను. ఫోను మోగింది.

"బాబాయ్, ఇక్కడ ఎర్రలైటు వెలిగింది, బజరు మోగుతోంది." హెడ్ సిస్టరు గొంతు వణకడం నేను ఎప్పుడూ వినలేదు. "నా దగ్గర చిన్న సిలిండర్లు మూడే ఉన్నాయి. ముగ్గురికి పెట్టాను. మిగతా ఎనిమిది మందినీ ఏం చెయ్యను?"

"అయిదు నిమిషాలు అమ్మా. అయిదే."

"నీకు అయిదు నిమిషాలు బాబాయ్, వాళ్లకి..." అని పెట్టేసింది.

అల్లుడు బనీనుతో వచ్చి నా ముందు నిలబడి, చెప్పకముందే రెండు చేతులూ చాపాడు. పట్టుకుని వాసన చూశాను. సబ్బు, నీళ్లు, అంతే. సరేనని తల ఊపాను.

అతను కదల్లేదు. "మామయ్య గారూ, మీవి?"

నావా అనబోయాను. అతను నా మణికట్టుకి చుట్టిన గుడ్డ వైపు చూస్తున్నాడు. నాలుగు రోజులుగా మా ఆవిడ పొద్దున నేను గడప దాటబోతుంటే ఆపి, నూనె కాచి రాసి కట్టు కడుతోంది. చేతులు కడుక్కున్నాక. ఆ గుడ్డ నూనెలో నానిపోయి ఉంది. నాలుగు రోజులుగా దాంతోనే ఈ గదిలో తిరుగుతున్నాను. అందరి చేతులూ వాసన చూసే ముక్కుకి నా చెయ్యి వాసనే అందలేదు.

గుడ్డ విప్పి గడప బయటికి విసిరేసి, కుళాయి దగ్గరికి పరిగెత్తాను.

తర్వాత నా నోరు, అతని చేతులు. మొదటి సిలిండరు మూత తీయించి తెల్లటి దూదితో తుడిపించాను. దూది తెల్లగానే వచ్చింది. బండి మీదికి ఎక్కించి అతను అలాగే తోయబోతే, "గొలుసు!" అన్నాను. తొందరలో జారి పడితే దాని మెడ విరిగి తూటాలా దూసుకుపోతుంది, గోడల్ని కూడా లెక్కచేయదు. గొలుసు వేశాడు. ఎడమ వరస చివరి సిలిండరు వాల్వు మూసి, గొట్టం విప్పి, ఖాళీది దించి కొత్తది నిలబెట్టాడు. గొట్టం తగిలించే ముందు వాల్వు ఒక్క క్షణం తెరిచి మూయించాను, దుమ్ము పోవడానికి. బుస్సుమంది. నట్టు బిగించాడు. అతని చేతి నరాలు తాళ్లలా లేచాయి.

"ఇప్పుడు మెల్లగా. ఎదురుగా కాదు, పక్కన నిలబడు. ఇంకా మెల్లగా."

ముల్లు అట్టడుగున ఉంది. ఇంజినీరు గారు ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నారు. ఒకసారి కొట్టుకుంది. తర్వాత, నిద్రలేచిన ముసలివాడిలా, ఆగి ఆగి పైకి లేచింది.

ఫోను నేనే చేశాను. హెడ్ సిస్టరు ఎత్తింది. వెనకాల బజరు ఆగిపోవడం వినిపించింది.

"అందరూ ఉన్నారు బాబాయ్," అంది హెడ్ సిస్టర్. "కిటికీ పక్క పెద్దాయన కొంచెం నీలబడ్డాడు. తేరుకుంటున్నాడు. ఇంకొకటి ఎక్కించు, మళ్లీ నన్ను ఏడిపించకు."

ఇంకో మూడు ఎక్కించాం. ప్రతిదానికీ దూది, ప్రతిదానికీ గొలుసు. పదకొండున్నరకి ట్యాంకు తెరిచారు. అల్లుడు అక్కడే నేల మీద కూలబడి, తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు.

ఇంజినీరు గారు రిజిస్టరు తెరిచారు. "ఎవరు పెట్టారు నూనె?"

అల్లుడు లేవబోయాడు. అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పెన్ను నేను తీసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. కుడి వరస మరలకి సహాయకుడు నూనె పెట్టాడు. పెట్టకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ని నేను. గడప దగ్గర చేతులు చూసే నియమం అతని విషయంలో పాటించలేదు. నా చేతికి కూడా నూనె కట్టు ఉంది.

ఆయన చదివి కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. "అల్లుడని కాపాడుకుంటున్నావా బాబాయ్?"

"అల్లుడని చెడగొట్టుకున్నాను సార్. వేరేవాడైతే మొదటిరోజే తిట్టి నేర్పేవాణ్ని."

కుడి వరసకి ఎర్రచీటీలు కట్టి, గొట్టాలతో సహా శుద్ధి చేయడానికి పంపించారు. నాకు మెమో ఇచ్చారు. అల్లుడికి పదిహేను రోజులు పాఠం చెప్పి, తర్వాత పరీక్ష పెట్టమన్నారు. పాసయితే ఉంటాడు, లేకపోతే లేదు.

ఇద్దరం నడుచుకుంటూ ఇంటిదారి పట్టాం. కొంతదూరం వెళ్లాక, "మీకు సుఖంగా ఉంటుందనుకున్నాను మామయ్య గారూ" అన్నాడు. "తెలుసు" అన్నాను. మా ఆవిడ కాచిన నూనె అలాంటిదే, అతను పెట్టిన నూనె అలాంటిదే. మంచి మనసుతో పెట్టినదాన్ని నిప్పుకి ఎందుకు మేత చేశావని దేవుణ్ని అడగాలనిపించింది. మరి నట్టు మీది మెరుపుని నా కంట పడేసిందెవరు? ఆ రాత్రి దీపం ముందు కూర్చుని రెండూ అడిగాను. దీపం నూనె తాగుతూ ప్రశాంతంగా వెలుగుతోంది.

మర్నాడు పొద్దున గడప దగ్గర ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియను, వాళ్ల వెనకాల మా అల్లుడు వరసలో నిలబడ్డారు. ప్లంబరు అతన్ని చూసి, "ఇదేంటి, అల్లుడికి కూడా క్యూనా?" అన్నాడు.

అల్లుడి వంతు వచ్చింది. చేతులు చాపాడు. ఈసారి పట్టుకుని తీరిగ్గా, వేలు వేలూ చూశాను. కుడిచేతి బొటనవేలి గోరు కింద సన్నటి నల్లగీత ఉంది.

"కుళాయి అటు" అన్నాను.

వెళ్లి, కడుక్కుని వచ్చాడు. మళ్లీ చూసి, లోపలికి వెళ్లమన్నాను. అతను లోపలికి వెళ్లకుండా అక్కడే నిలబడి, నా చేతుల కోసం తన చెయ్యి చాపాడు.