గోడ మీద ముప్పై వేల ముప్పై ఒకటి

నేను ఒక సంఖ్యను. ముప్పై వేల ముప్పై ఒకటి నా పేరు. సాలూరు దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో, తొమ్మిదో తరగతి బోర్డు మీద, పైడిరత్నం మేడమ్ చేతి సుద్దముక్కతో వెలుగు చూశాను. అంతకు ముందు లేనా అంటే ఉన్నాను. నన్ను పలకరించినవాళ్ళే లేరు.

ప్రధాన సంఖ్యలకు అంతం లేదని ఆవిడ పాఠం చెబుతోంది. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు... ఈ ఆరింటినీ గుణించి ఒకటి కలిపింది. నేను వచ్చాను. "ఈ ఆరింట్లో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. కాబట్టి ఇది ప్రధాన సంఖ్యే," అంది. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ భాగించలేని సంఖ్యకు మనుషులిచ్చే బిరుదది. తమలో పెట్టుకున్న హెచ్చుతగ్గులు చాలక మాకూ పెట్టారు. నిజం చెప్పొద్దూ, నేను పొంగిపోయాను.

వెనక బెంచీలో కూర్చుని విన్న హెడ్‌మాస్టరు సన్యాసిరాజుగారు నాకంటే పొంగిపోయారు. మర్నాడే పెయింటర్ని పిలిపించి వరండా గోడ మీద నీలిరంగుతో నన్ను రాయించారు, కింద "ప్రధాన సంఖ్య" అని. మేడమ్‌ని మూడు నెలలు చూద్దామని పెట్టుకున్నారు. సోమవారం ఉద్యోగం ఖాయం చేస్తూ ఆర్డరు ఇస్తామన్నారు. బీఈడీ చేసి ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చున్నాక దొరికిన మొదటి ఉద్యోగమది.

ఆదివారం వంకాయ కూర వండుతూండగా ఆవిడకు అనుమానం వచ్చింది. ఆరింటితో శేషం మిగిలితే మిగతావాటితోనూ మిగలాలని ఎక్కడుంది? పాత క్యాలెండరు కాగితం వెనక భాగించడం మొదలుపెట్టింది. పదిహేడు, పందొమ్మిది, ఇరవై మూడు... యాభై తొమ్మిది దగ్గర శేషం సున్నా. కూర మాడిపోయింది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. మెదపొద్దనే నేనూ కోరుకున్నాను. బిరుదు పోతుందంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు?

సోమవారం హెడ్‌మాస్టరు ఆర్డరు పట్టుకుని క్లాసుకే వచ్చారు. "ఒక్క పీరియడ్ ఆగండి సార్," అంది మేడమ్. నా వర్గమూలం నూట డెబ్బై మూడు మీద కాస్త. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అవి నలభై. పిల్లలూ నలభై మందే. రోల్ నంబరు వరసన తలా ఒకటి పంచి నన్ను భాగించమంది. "మిగిలింది మేడమ్," "నాకూ మిగిలింది," అని కేకలు. పదిహేడో నంబరు గౌరీశ్వరి మాత్రం కొట్టేసి మళ్ళీ చేస్తోంది.

"ఎంతొచ్చిందే?"

"సున్నా ఒచ్చీసింది మేడమ్. నానే ఎక్కడో తప్పు సేసుంటాను." ఆ పిల్ల గొంతులో ఏడుపు.

"తప్పు నీది కాదమ్మా, నాది." హెడ్‌మాస్టరు వైపు చూసే ధైర్యం లేక మేడమ్ బోర్డు వైపు తిరిగింది. "యాభై తొమ్మిదిని ఐదువందల తొమ్మిదితో గుణిస్తే వచ్చేదిది. ఆ రెండూ మన ఆరింట్లో లేని కొత్త ప్రధాన సంఖ్యలు. పాఠం నిజమే. ఇది ప్రధాన సంఖ్య అన్న నా మాటే తప్పు."

సన్యాసిరాజుగారు గౌరీశ్వరి నోట్సు తీసుకుని తనూ భాగించారు. "ఇరవై రెండేళ్ళు నేనూ ఇలాగే చెప్పేనమ్మా," అన్నారు నోట్సు తిరిగిస్తూ. "ఒక్క పిల్లడి చేతా భాగించి చూడమన్లేదు." ఆర్డరు ఆవిడ చేతిలో పెట్టారు.

పెయింటరు మళ్ళీ వచ్చాడు. నా బిరుదు మీద సున్నం కొట్టి, 59 × 509 అని రాశాడు. సిగ్గుపడతాననుకున్నాను గానీ, నా లోపల ఇద్దరున్నారని తెలిశాక సంతోషమే వేసింది. ఇప్పుడు వరండాలో వెళ్ళే పిల్లలెవరూ నన్ను ఊరికే నమ్మడం లేదు. ఆగి, గోడ మీద వేలితో గుణించి, సరిపోయాకే కదులుతున్నారు.