పాఖాల ముగ్గు

తెల్లారంగనే వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు పెట్టకపోతే ఆండాలుకు ఏ పనీ తోచదు. అత్తమ్మ పోయినప్పుడు, చావైన ఇంట్లో ముగ్గు పెట్టరు గనుక, ఆ పదకొండు రోజులే ఆమె వాకిలి ఖాళీగా ఉంది. ఆమె ముగ్గుల సంగతి మాదన్నపేట గల్లీకంతా తెలిసిందే. తామర వేస్తే తుమ్మెదలొస్తాయి. చేప వేస్తే పక్కింటి మాణిక్యమ్మ పిల్లి మధ్యాహ్నం దాకా అక్కడే కాపలా కూర్చుంటుంది. కూరగాయల మార్కెట్‌కు పోయేవాళ్లు అంచునుంచి తప్పుకుని పోతారు, అంతే. చిక్కల్లా ఒక్కటే. తను వేసిన ముగ్గులోకి తను పోవడం మాత్రం కుదరదు. ఆమె కాలు పెడితే అది ఉత్త పిండే.

పెనిమిటి దుర్గయ్య బట్టల మిల్లులో పనిచేసేవాడు. పెళ్లైన కొత్తలో "నీకు రామప్ప గుడి చూపిస్తనే" అన్నాడు. పాపం, ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇరవై ఏళ్లు కాపురం చేసింది. ప్రతి దసరాకు ముందు బస్సు డ్రైవర్ ఇశ్రాయేలు వాళ్ల అరుగు మీద కూర్చుని తొవ్వ చెప్పేవాడు.

"గౌలిగూడల పొద్దుగాల్నే బస్సెక్కాలె వదినా. భువనగిరి ఖిల్లా కిటికీలకెళ్లే కనబడ్తది. హన్మకొండల దిగి వేయిస్తంభాల గుడి, తెల్లారి రామప్ప. ఆఖరుకు పాఖాల చెరువు. గాడ గాలి మస్తుంటది."

"గాడ రెండు రోజులుందాం" అనేవాడు దుర్గయ్య.

"సర్వపిండి కట్టుకపోదాం" అనేది ఆండాలు.

ఏ చీర కట్టాలో, సద్ది ఎక్కడ విప్పాలో, అన్నీ తేలిపోయేవి. తీరా చూస్తే ఒక ఏడు అత్తమ్మ మంచాన పడ్డది. ఒక ఏడు మిల్లులో సమ్మె. ఇంకో ఏడు దుర్గయ్యకు దగ్గు పట్టుకుంది. ఇగ అది పోలేదు. ఇన్నేళ్ల నూలు దుమ్ము ఛాతీలో పేరుకుపోయిందని దవాఖానాలో చెప్పారు. ప్రయాణం సంగతి మరిచిపొమ్మన్నారు. ఏం మాటలో ఏమో! మరిచిపోవడానికి అదేమన్నా గొడుగా?

ఆ దసరాకు ముందు ఇశ్రాయేలు పలకరించిపోదామని వచ్చాడు. దుర్గయ్య గడపలో గోడకు ఆనుకుని ఎగబోస్తున్నాడు.

"తమ్మీ, తొవ్వ మల్లొక్కసారి చెప్పరాదు" అన్నాడు.

ఇశ్రాయేలు తల వంచుకుని గౌలిగూడ నుంచి మొదలుపెట్టాడు. పాఖాల గాలి దాకా ఒక్కటీ వదలకుండా చెప్పి, లేచి పోయాడు.

మర్నాడు పొద్దున ఆండాలు డబ్బా నిండా ముగ్గు పిండి తీసుకుని గడప దగ్గర కూర్చుంది. బస్టాండు వేసింది. ఖిల్లా వేసింది. చుక్క చుక్కకూ ఒక స్తంభం నిలబెట్టింది. రామప్ప గుడి దగ్గర చాలాసేపు చెయ్యి ఆపుకుంది. వాకిలి కొసకు పాఖాల చెరువు, చుట్టూ గుట్టలు. చెరువు గీత కలవగానే నేల చెమ్మగిల్లింది. చల్లటి గాలి గడపలోకి వచ్చింది.

దుర్గయ్య ఆ గాలి పీల్చాడు. దగ్గు రాలేదు.

"పోయొస్తనే" అన్నాడు.

"జెర ఆగు, సద్ది కడ్త."

సర్వపిండి రొట్టెల మూట చేతికిచ్చింది. దుర్గయ్య మెల్లగా ముగ్గులో అడుగుపెట్టాడు. నడిచినకొద్దీ చిన్నగవుతూ పోయాడు, వెనక పిండి చెదిరిపోతూ వచ్చింది. చివరికి వేలెడంత మనిషై పాఖాల గట్టెక్కి కూర్చుని, గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆండాలుకు, తిరుగు తొవ్వ వేయలేదని. ఇరవై ఏళ్లూ పోయే సంగతే మాట్లాడుకున్నారు. వచ్చే సంగతి ఒక్కనాడన్నా ఎవరూ ఎత్తలేదు.

"ఫికరేందక్కా?" అంది చూడవచ్చిన మాణిక్యమ్మ. "పిండున్నది గదా. గీత గియ్యి, బావ వస్తడు."

ఆండాలు గట్టు దగ్గర వంగి గీత మొదలుపెట్టింది. జానెడు గీసిందో లేదో, దుర్గయ్య లేచి బుద్ధిగా ఇంటివైపు నడిచాడు. రెండడుగులకే దగ్గు. నేల మీద చేతులానించి, కళ్లు తేలేసి, ఊపిరి కోసం గిలగిలలాడాడు. ఆండాలు గబగబా కొంగుతో గీత తుడిచేసింది. దగ్గు ఆగింది. అతను వెనక్కి పోయి గట్టు మీద కూర్చున్నాడు. మూట విప్పి, సర్వపిండి విరిచి, సగం తన పక్కన పెట్టాడు.

ఆ సగం ఎవరిదో ఆమెకు తెలుసు. "నేనొక్కదాన్నెట్ల బతకాలె!" అని వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. ముగ్గు పిండి పిడికిట్లోనే ఉంది. ఎన్నిసార్లు చెయ్యి చాపిందో, అన్నిసార్లూ వెనక్కి తీసుకుంది. పొద్దు వాలేసరికి చెరువు ఆరిపోయింది, గట్టు ఆరిపోయింది, గట్టు మీది మనిషీ కనబడలేదు.

మర్నాడు డ్యూటీకి పోతూ ఇశ్రాయేలు గల్లీ మలుపు తిరిగాడు. ఆండాలు గడపలో కూర్చుని ఉంది. వాకిలి ఊడ్చి ఉంది. ముగ్గు లేదు.

ఇశ్రాయేలు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "వదినా..." అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడ్వకు తమ్మీ" అంది ఆండాలు. "నువ్వు చెప్పింది నిజమే. గాడ గాలి మస్తున్నది. మీ అన్న ఒక్కసారి గూడ దగ్గలే."