తేలదని తేలింది

"ఊరికే కూర్చున్నావుగా, ఆ బట్టలు కాస్త మడతపెట్టు" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

నిజానికి నేనప్పుడు పనిలోనే ఉన్నాను. కాలేజీలో తర్కశాస్త్రం చెబుతూ, ఏళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడుతున్నదాన్ని. కాగితం మీద ఒక గీత పడాలంటే ముందు గంటల తరబడి గోడకేసి చూడాలి. అలా చూసే ఆడదాన్ని పనిలో ఉందని ఎవరనుకుంటారు? ఆయన కళ్లు మూసుకుంటే అలసట, నేను మూసుకుంటే బద్ధకం.

దిండు గలీబు మడతపెడుతుండగా చిక్కు విడిపోయింది. ఉన్న నియమాలతో నా ప్రశ్నకి అవునని నిరూపించలేమని ఎప్పుడో చూపించాను. కాదని కూడా నిరూపించలేమని ఇప్పుడు తెలిసింది.

"తేలిపోయిందండీ" అన్నాను.

"ఏం తేలింది?"

"అది తేలదని."

ఆయన పేపరు దించి పడీపడీ నవ్వారు. "ఇన్నేళ్లు కూర్చుని తేలదని తేల్చావా? నన్నడిగితే మొదటిరోజే చెప్పేవాణ్ణిగా!"

మర్నాడు మా శాఖాధిపతికి చెప్పాను. "మంచిదమ్మా" అని, శాఖ మీటింగుకొచ్చేవాళ్ల టీలూ కుర్చీలూ నన్నే చూసుకోమన్నారు. "నువ్వైతే పద్ధతిగా చేస్తావు." ఇంకెవరికి చెప్పాలో తోచక, ఖాళీ క్లాసులో రుజువంతా బోర్డు మీద రాసి, బెంచీలకి గట్టిగా చదివి వినిపించాను. తర్వాతి క్లాసు పిల్లలు తలుపు దగ్గర చేరగానే నేనే తుడిచేశాను.

వేరే ఊళ్లోని ఒక పరిశోధన సంస్థ ఏడాదిపాటు వచ్చి పనిచేయమని అప్పటికే పిలిచింది. వెళ్లనా అని నేనడిగినప్పుడల్లా మా ఆయన "చూద్దాంలే" అంటున్నారు.

ఆదివారం ఆడపడుచు వాళ్లు భోజనానికొచ్చారు. ఆయన నా 'తేలదని తేలింది' కథ అభినయించి మరీ చెప్పారు. అందరూ నవ్వారు. వడ్డిస్తూ నేనూ నవ్వాను. అన్నంలో రాయి కొరికినట్టయింది.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. తర్వాత వంటింట్లో పళ్లాలు తుడుస్తూ, "ఎగతాళికి కాదమ్మాయ్, నిజంగానే అడుగుతున్నా. తేలదని తెలిస్తే ఏం లాభం?" అంది.

నా పని గురించి ఆ ఇంట్లో నిజంగా తెలుసుకోవాలని నన్నడిగిన మొదటి ప్రశ్న అది.

"ఊరికే తేలదనుకోవడం వేరత్తయ్యా. ఎంత తంటాలు పడ్డా ఇక్కణ్ణుంచి తేలదని చూపించేస్తే, ఇక ఎవరూ దానికోసం కూర్చోనక్కర్లేదు. కొత్త నియమం ఒకటి చేర్చుకుని ముందుకెళ్లొచ్చు."

ఆవిడ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మీ మామయ్య ఏదో ఒకరోజు నా మాట వింటారని, ఆయన పోయేదాకా కూర్చున్నాను. నాకెవరూ చూపించలేదు."

ఆవిడ చేతిలోంచి పళ్లెం అందుకుని గూట్లో పెట్టి, ముందుగదిలోకి వెళ్లాను.

"వచ్చే నెల ఆ సంస్థకి వెళ్తున్నానండీ. వస్తున్నానని ఇవాళే రాసేస్తాను."

"మరి అమ్మనెవరు చూసుకుంటారు?" అంటూ ఆయన వంటింటి వైపు చూశారు, నాకు నచ్చజెప్పమన్నట్టు. లోపల పళ్లాల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

అక్కడ నాకొక గది ఇస్తారట. ఒక్కదాన్నే ఉండాలి. ఈ ఇంట్లో ఉన్నంత ఒంటరిగా మాత్రం ఉండనని, ఏ రుజువూ లేకుండానే నాకు తెలుసు.