సెయాద్ మామయ్య చెప్పిన మాట

ఆ ఉదయం ముబెరా వంటింటి బల్ల మీద ఒక కాఫీ పొట్లం, ఒక మిఠాయి డబ్బా పెట్టుకుని రెండింటినీ రంగు కాగితంలో చుడుతోంది. జెనిత్సా ఊళ్ళో ఎవరింటికీ ఉత్త చేతులతో వెళ్ళరు. కాఫీ పొట్లం పట్టుకెళ్ళడం అక్కడి మర్యాద. కాబట్టి చూసేవాళ్ళకు అందులో వింతేమీ కనబడదు. కాని పాఠకులారా, ఈ పొట్లాన్ని కాస్త పరకాయించి చూడండి. మర్యాద ముసుగు వేసుకుని మన ఇళ్ళలోకి ఎంత చెడ్డ అలవాటు దర్జాగా వచ్చి కూర్చుంటుందో మీకే తెలుస్తుంది.

అదే బల్లకు అవతలి చివర ముబెరా కూతురు నెయ్రా కాగితాలు పరుచుకుని పెన్సిలుతో గీకుతోంది. కంప్యూటరు చదువు పూర్తయింది. గురువారం ఆమెకు మొట్టమొదటి ఇంటర్వ్యూ. నది పక్కన కొత్త మేడలో ఒక చిన్న కంపెనీ ఓడల్లో వెళ్ళే సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాములు రాస్తుంది. అక్కడ ప్రోగ్రామర్‌గా చేరాలని నెయ్రా ఆశ. ఆ ఆశ ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. పళ్ళు తోముకుంటూ జవాబులు చెప్పుకుంటుంది. మెట్లు దిగుతూ తనే ప్రశ్న వేసుకుని, ఎక్కుతూ జవాబు ఇచ్చుకుంటుంది. అద్దం ముందు నిలబడి "నమస్కారం, నా పేరు నెయ్రా" అని ఎన్ని రకాలుగా చెప్పవచ్చో అన్ని రకాలుగానూ చెప్పి చూసింది.

"అమ్మా, ఒక్క నిమిషం ఇటు చూడు. నువ్వు పెద్ద మేనేజరువి. నన్ను ఇంటర్వ్యూ చెయ్యి."

"నాకేం తెలుసే ఆ కంప్యూటరు గోల?"

"తెలియక్కర్లేదమ్మా. నేను చెప్పేది అర్థం కానప్పుడల్లా 'ఎందుకు?' అని అడుగు, చాలు."

నెయ్రా తాను తయారుచేసిన బస్సుల ప్రోగ్రాము గురించి మొదలుపెట్టింది. ఊళ్ళో ఏ స్టాపు దగ్గరకు ఏ బస్సు ఎప్పుడు వస్తుందో ఫోనులో చూపించే ప్రోగ్రాము అది. పక్కింటి రబియా అది చూడనిదే చెప్పులు వేసుకోదు. ముబెరా ఒకసారి "ఎందుకు?" అంది, రెండోసారి అంది, మూడోసారికి రిబ్బను ముడి వేస్తూ విసుక్కుంది.

"ఎందుకే తల్లీ ఇంత అవస్థ? మీ మామయ్యతో ఒక మాట చెప్పించాంగా."

నెయ్రా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "ఏం మాట?"

"కంపెనీ వాళ్ళతో. మా అన్నయ్యకి తెలియనివాళ్ళు ఎవరున్నారు ఈ ఊళ్ళో? ఈ కాఫీ ఆయనకే."

సెయాద్ ముబెరాకు అన్న. ఏదో ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగం, ఊళ్ళో మాత్రం పెద్ద పేరు. ఎవరికి ఏ పని కావాలన్నా "సెయాద్‌ను పట్టుకో" అంటారు. ఆ సాయంత్రం ఆయనే స్వయంగా వచ్చి, చెల్లెలు ఇచ్చిన పొట్లం అందుకుని, నెయ్రా తండ్రి ఎదురుగా కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"పని అయిపోయినట్టే బావా! డైరెక్టరు నా మాట కాదనడు. అమ్మాయి వెళ్ళి కూర్చుని నవ్వితే చాలు. ఆ కాగితాలూ అవీ కట్టిపెట్టెయ్యమను, కళ్ళు పోతాయి."

"మామయ్యా, వద్దు. దయచేసి ఫోను చేసి ఆ మాట వెనక్కి తీసుకో" అంది నెయ్రా.

సెయాద్ పకపకా నవ్వాడు. "చూశావా ముబెరా, నీ కూతురికి ఉద్యోగం ఒళ్ళో వచ్చి పడితే బరువట!"

తండ్రి ఫిక్రెత్ ఉక్కు కర్మాగారంలో క్రేను నడుపుతాడు. ఆయన కూతురి వంక జాలిగా చూశాడు. "నీకు లోకం తెలీదమ్మా. నాకెవడూ చెప్పేవాడు లేకే ఫోర్‌మన్‌ని కాలేకపోయాను. చదువుంటే సరిపోదు, చెప్పేవాడుండాలి."

నెయ్రా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడుపు వచ్చేంత కోపం వచ్చింది. ఉద్యోగం రాకపోతే బాధే. కాని ఇలా వస్తే? అది తన బుర్రకు వచ్చిందో, మామయ్య నోటికి వచ్చిందో జన్మలో తెలియదు. ఏ పొరపాటు చేసినా "సిఫారసు మీద వచ్చిందిగా" అంటారు. ఏ మంచిపని చేసినా మామయ్యకే దణ్ణం పెడతారు. తరవాత, ఉన్నదున్నట్టు ఇంటర్వ్యూలోనే చెప్పేస్తానని నిర్ణయించుకుని మళ్ళీ కాగితాలు ముందుకు లాక్కుంది. నిర్ణయం తీసుకోగానే పోయిన హుషారు తిరిగి వచ్చింది.

గురువారం ఆమె ఎదుట ఇద్దరు కూర్చున్నారు. కంపెనీని నడిపే వెస్నా అనే పెద్దావిడ, పక్కన గడ్డం పెంచిన ఒక ప్రోగ్రామర్. కూర్చోమనగానే నెయ్రా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"ముందు ఒక మాట చెప్పనివ్వండి మేడం. మా మామయ్య సెయాద్ నా గురించి మీకు చెప్పి ఉంటారు. అది మరిచిపోండి. మీ దగ్గరున్న వాటిలో కష్టమైన ప్రశ్న అడగండి."

వెస్నా కళ్ళజోడు తీసి ఆమెను చూసింది. "సెయాద్ ఎవరమ్మా? మాకెవరూ చెప్పలేదే."

"ఆగండి, ఆ పేరు విన్నాను" అన్నాడు గడ్డం అతను. "మొన్న వచ్చిన కుర్రాళ్ళిద్దరూ ఆయన పేరే చెప్పారు. ఇంతకీ ఆయన మన దగ్గర జీతం తీసుకుంటున్నాడా ఏంటి?"

ముగ్గురూ నవ్వారు. నెయ్రాకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. మామయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు! ఇక గెలిచినా ఓడినా తనదే.

నెయ్రా దరఖాస్తుతో పంపిన బస్సుల ప్రోగ్రామును వెస్నా తెరిచింది. స్టాపులు మార్చి చూసింది, బాగానే నడిచింది. అప్పుడు తారీఖు మార్చింది. "మే ఒకటిన పొద్దున్నే నేను మా స్టాపు నుంచి స్టేషనుకి వెళ్ళాలి. బస్సెప్పుడు?"

నొక్కింది. ప్రోగ్రాము టక్కున ఆగిపోయింది. తెర తెల్లబోయింది, నెయ్రా ముఖమూ తెల్లబోయింది.

"ఎందుకు?" అని అడిగింది వెస్నా.

అచ్చం అమ్మ అడిగినట్టే అడిగింది. నెయ్రాకు నవ్వొచ్చింది, భయం కాస్త సడలింది. "మే ఒకటి సెలవు రోజున ఈ ఊళ్ళో బస్సెవరు ఎక్కుతారండీ? అందరం నది ఒడ్డున మాంసం కాల్చుకుంటూ కూర్చుంటాం. అందుకే నాకు ఆ రోజు తట్టనే లేదు" అంది.

గడ్డం అతను బల్ల చరిచి మరీ నవ్వాడు. నెయ్రా మాత్రం అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆ రోజు మీ దారిలో బస్సులు లేవు, పట్టిక ఖాళీ. నా ప్రోగ్రాము ఖాళీ పట్టికలోంచి మొదటి బస్సును తియ్యబోయింది. లేనిదాన్ని ఎలా తీస్తుంది? అందుకే పడిపోయింది. ముందు పట్టికలో ఏమైనా ఉందా అని చూడాలి. లేకపోతే 'ఈ రోజు బస్సు లేదు' అని చెప్పాలి. ఇప్పుడే సరిచెయ్యనా?"

చేసింది. చేస్తూ ప్రతి అడుగూ పైకి చెప్పింది. అది సరిపోయాక, ఎవరూ అడగకుండానే పండుగ రోజులన్నీ వేసి చూసి, ఇంకో తప్పు తనే పట్టుకుని "అరె, ఇక్కడా ఉంది!" అని చిన్నపిల్లలా అరిచింది. తాను ఇంటర్వ్యూలో ఉన్న సంగతే ఆమెకు గుర్తులేదు. అంత సంతోషంగా ఆమె ఎప్పుడూ పని చెయ్యలేదు.

సోమవారం ఫోను వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. నెయ్రా వంటింట్లో గంతులు వేసింది, పిండి చేతులతోనే తల్లి ఆమెను వాటేసుకుంది. సాయంత్రానికి బల్ల నిండా మాంసం కూరి కాల్చిన పిటాలు, ఇంటి నిండా జనం. పక్కింటి రబియా తన కూతురు ఎల్మాను వెంటబెట్టుకుని వచ్చింది. సెయాద్ గుమ్మంలోంచే చేతులు చాచాడు.

"చెప్పానా లేదా? నేను ఒక్క మాటంటే అయిపోతుందని చెప్పానా లేదా?"

ముబెరా కళ్ళు తుడుచుకుంటూ అన్నగారి చెయ్యి పట్టుకుంది. తల్లి సంతోషం చెడగొట్టడం ఎందుకని నెయ్రా పిటాల పళ్ళెం అందుకుని వడ్డించసాగింది. ఆ క్షణంలో రబియా ముందుకు వచ్చింది.

"సెయాద్ గారూ, మా ఎల్మా చదువూ అయిపోవచ్చింది. దానికి కూడా ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకోరూ? మీ రుణం ఉంచుకోం."

ఎల్మా తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల. తల్లి మాటకు సిగ్గుపడి తల దించుకుంది. ఆ దించిన తల చూశాక నెయ్రా ఊరుకోలేకపోయింది.

"మామయ్యా, నన్ను తీసుకున్న డైరెక్టరు పేరేంటి?"

"పెద్దవాళ్ళ పేర్లు అలా నలుగురిలో చెప్పకూడదమ్మా."

"పోనీ మనిషి ఎలా ఉంటారో చెప్పు."

"ఎలా ఉంటాడేంటి? దిట్టమైన మనిషి. ఇంత మీసం."

"ఆవిడ పేరు వెస్నా, మామయ్యా. మీసం లేదు. నువ్వెవరో ఆవిడకి తెలీదు. నీ పేరు చెప్పుకుని వెళ్ళిన కుర్రాళ్ళని చూసి అక్కడ నవ్వుకుంటున్నారు."

సెయాద్ ముఖం కందగడ్డలా అయింది. "ఉద్యోగం వచ్చిందా లేదా, అది చూసుకోండి! మంచికి పోతే ఇదీ మర్యాద!" అని కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

"నలుగురిలో మా అన్నయ్య పరువు తీశావు కదే" అంది ముబెరా.

"అది తియ్యలేదు ముబెరా. మనం తీశాం, దాని పరువు" అన్నాడు ఫిక్రెత్. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "ఈ పిల్ల రోజంతా ఈ బల్ల దగ్గరే కూర్చుని చదువుతుంటే కళ్ళారా చూశాం. చూసి కూడా కాఫీ పొట్లం కట్టాం. నా సంగతి చెప్పనా? ఫోర్‌మన్ పరీక్షకి రమ్మని కాగితం అంటించినప్పుడల్లా నేను చదివి ఇంటికొచ్చేశాను. ఎవడికో ముందే రాసిపెట్టి ఉంటుందిలే అనుకున్నాను. చెప్పేవాడు లేక కాదు నేను ఆగిపోయింది. ఒక్కసారి కూడా వెళ్ళి కూర్చోలేదు."

ముబెరా కూతురి దగ్గరకు వచ్చి ఆ పిల్ల జుట్టు సవరించింది.

నెయ్రా ఎల్మా పక్కన కూర్చుని, "రేపు నీ కంప్యూటరు పట్టుకుని రా. నువ్వు చెబుతూ ఉండు, నేను ఎందుకని అడుగుతూ ఉంటాను" అంది. ఎల్మా తల ఎత్తింది. కళ్ళు మెరిశాయి.

ఫిక్రెత్ రబియా వైపు తిరిగి, గదిలో అందరికీ వినబడేలా అన్నాడు: "మన పిల్లల కష్టాన్ని మనమే నమ్మకపోతే, దాన్ని ఎవడో ఒకడు తన పేరున రాసేసుకుంటాడు రబియా."