తెల్ల తొడుగులు

"పైకి లాగండే, రంగు ముద్ద కట్టేస్తోంది!"

నీలమ్మ అరుపుకి తొట్టి చుట్టూ ఉన్న ఆడవాళ్లు వేడి నీళ్లలోంచి నూలు కట్టలు ఒక్కసారిగా పైకెత్తారు. నీలం నీళ్లు మోచేతుల మీదుగా రవికల్లోకి కారాయి. ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. ఈ అద్దకం కార్ఖానాలో చేరాక చేతులకి పట్టిన రంగే పేరుకీ పట్టుకుంది. చేతులనైనా సబ్బేసి తోముకోవచ్చు. పేరుని తోమే సబ్బు ఇంకా మార్కెట్లోకి రాలేదు.

ఆ తొట్టి చుట్టూ నలుగురు మనుషులు, నాలుగు భాషలు. ఒకరి మాట ఒకరికి సగమే తెలుస్తుంది. మేస్త్రీని తిట్టేటప్పుడు మాత్రం అనువాదం అక్కర్లేదు. దురదకీ అక్కర్లేదు.

చేతితొడుగులు అడిగినప్పుడల్లా మేస్త్రీది ఒకటే జవాబు. "తొడుగేసుకుంటే నూలు రంగు తాగిందో లేదో వేళ్లకెలా తెలుస్తుందమ్మా? కళంతా మీ చేతుల్లోనే ఉంది!" అది మెచ్చుకోలనుకుని వాళ్లు మురిసిపోయారు కూడా. కళ చేతుల్లోనే ఉంది, పుండ్లూ చేతుల్లోనే ఉన్నాయి. ఓనరే ఎవరి చేతుల్లోనూ లేడు.

ఆ రోజు వీధిలో కళోత్సవం. 'అన్ని సంస్కృతులూ మనవే, యువ కళాకారులూ మనవారే' అని బ్యానరు కట్టారు. దాని గుడ్డ ఈ తొట్టిలో మునిగి లేచిందే. ఉత్సవ కమిటీ అధ్యక్షుడు ఈ కార్ఖానా ఓనరే.

నీలమ్మ కూతురు ఉత్సవానికి బొమ్మ వేసింది. తొట్టి చుట్టూ నలుగురు ఆడవాళ్లు. ముఖాలు పొగలో కలిసిపోయి, చేతులే పెద్దవిగా, నీలంగా, వేళ్ల సందుల్లో ఎర్రగా. నచ్చితే బొమ్మల కాలేజీలో ఉచితంగా చేర్చుకుంటానని అక్కడి మాస్టారు మాటిచ్చాడు.

మధ్యాహ్నం ఆ పిల్ల రొప్పుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, కమిటీవాళ్లు బొమ్మ బాగుందన్నారు. చేతులే బాగాలేవన్నారు."

"చేతులు తీసేస్తే అందులో ఏముందే?"

"మామూలు ఒంటిరంగులోకి దిద్దాలట. లేకపోతే పెట్టనివ్వరట. మాస్టారు వచ్చే వేళయింది. ఏం చెయ్యనే?"

నీలమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. "దిద్దెయ్యవే పిచ్చిదానా! రంగులు మార్చడం మనకేమైనా కొత్తా?" అని నవ్వింది. కూతురు నవ్వలేదు. తల ఊపి వెళ్లిపోయింది.

పని ఆపాక ఆ నలుగురూ ఉత్సవంలో పాట పాడాలి, తలా ఒక భాషలో. గేటు దగ్గర మేస్త్రీ ఒక పెట్టె విప్పాడు. లోపల పాలనురగ లాంటి తెల్లని గుడ్డ తొడుగులు.

"ఫొటోలు తీస్తారు. ఈ చేతులు కనబడకూడదన్నారు అయ్యగారు. పాట కాగానే తిరిగిచ్చెయ్యాలి, మరకలు పడనివ్వకండి."

"పనికి రాని తొడుగులు పాటకి వచ్చాయేం?" అంది నలుగురిలో కొండల్లోంచి వచ్చినావిడ.

"పాటకి వేళ్లతో పనేముందమ్మా?" అన్నాడు మేస్త్రీ, సిగ్గయినా పడకుండా.

వేదికెక్కారు. పక్కనే స్టాండు మీద బొమ్మ, దాని ముందు కుంచెతో కూతురు. ఓనరు మైకు అందుకున్నాడు.

"ఈ చేతులే మన వీధి సంపద! ఏవమ్మా, అందరూ ఒక్కసారి చేతులెత్తండి!"

తెల్ల చేతులు పైకి లేచాయి. చప్పట్లు మోగాయి. తొడుగు లోపల చెమట పుండులోకి దిగి మంట రేపుతుంటే నీలమ్మ బొమ్మ వైపు చూసింది. కూతురు అప్పటికి ఒక చెయ్యి దిద్దేసింది. నున్నగా, శుభ్రంగా, ఏనాడూ పని ముట్టని చెయ్యి. అది ఎవరిదో ఆమె పోల్చుకోలేకపోయింది. తర్వాత పోల్చుకుంది. తనదే.

తొడుగు పట్టి లాగింది. పుండుకి అతుక్కుపోయిన గుడ్డ చర్మంతో సహా ఊడొచ్చింది. రెండోదీ లాగి, రెండూ ఓనరు చేతిలో పెట్టింది.

"మీరు తొడుక్కోండి బాబుగారూ. దాచుకోవలసిన చేతులు మావి కావు."

మైకు ఆ మాటని వీధి చివరిదాకా మోసింది. ఓనరు కెమెరా కోసం నవ్వు చెదరనివ్వలేదు. మైకు మాత్రం చేత్తో మూసి, పళ్ల సందునుంచి అన్నాడు. "కూతురి బతుకు చూసుకో నీలమ్మా."

నీలమ్మ కూతురి వైపు తిరిగింది.

"తప్పు నాదేనే తల్లీ. దిద్దకు. దిద్దింది కూడా తుడిచెయ్."

వెనకాల ఒక్కొక్క తొడుగే వేదిక మీద పడుతోంది. మేస్త్రీ వంగి వంగి ఏరుకుంటున్నాడు. ముందు వరసలో కాలేజీ మాస్టారు కుర్చీలోంచి లేచాడు. బొమ్మ దగ్గరికి వస్తాడో, గేటు వైపు నడుస్తాడో తెలియదు. ఆ పిల్ల ఆయన్ని చూడనేలేదు. తడిగుడ్డతో బొమ్మలోని అమ్మ చేతిని గట్టిగా రుద్దుతోంది. ఒంటిరంగు కరిగి కారుతుంటే, దాని కిందనుంచి నీలం పైకి వస్తోంది.